సాయంత్రం ఆరులోపు సంతకం

మా అమ్మాయి టెన్నిస్ ఆడుతుందంటే చోడవరంలో సగం మంది "షటిలా?" అంటారు. కాదండీ, టెన్నిస్ అని నేనంటే "అదేలెండి, బేట్మింటనే కదా" అని వాళ్లే సర్దిచెబుతారు. మిగిలిన సగం మందికి తేడా తెలుసు గానీ వాళ్లు అడిగేది ఇంకా ఒళ్లుమండే ప్రశ్న. "టీచరు గారూ, మీ గుంట ఇంకా ఆడతందేటి?" ఆ 'ఇంకా' దగ్గరే నాకు తిక్క పుడుతుంది. ఇరవై ఏళ్లుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను, ఇంకా లెక్కలే చెబుతున్నారా అని నన్నెవరూ అడగలేదు.

ఈ ఆట మా ఇంట్లోకి తెచ్చింది నేను కాదు, మా ఆయన. పిల్లకి ఎనిమిదేళ్లప్పుడు, విశాఖపట్నం తీసుకెళ్లి బీచి చూపించుకు రండి అని పంపించాను. తండ్రీ కూతురూ దారిలో ఏదో క్లబ్బు కంచె పట్టుకుని రెండు గంటలు ఆట చూసి, బీచి చూడకుండా తిరిగొచ్చారు. మర్నాడు పొద్దున్నే ఆయన మా కళ్లాన్ని అడుగులతో కొలవడం మొదలుపెట్టారు. ఆయన చెరుకు రైతు. ఏ పనికీ తొందరపడని మనిషి ఆ ఒక్కదానికే ఎందుకు తొందరపడ్డారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వరి నూర్చుకునే కళ్లం అలా టెన్నిస్ కోర్టయింది. బంకమట్టి పోసి, నీళ్లు చల్లి, రోలరు లాగారు. పూడిమడక నుంచి పాత చేపల వల తెచ్చి వెదురు గుంజలకు కట్టారు. గీతలు సున్నంతో వేశారు. ఆ గీతలు చూసి మా అత్తగారు వాటిని ముగ్గు కింద జమకట్టేశారు. "ఒసే గుంటా, ముగ్గు తొక్కకే, తప్పు!" అని అరుగు మీద నుంచి ఆవిడ అరుపు. ఆ అరుపు వింటూ ఆడిన పిల్ల కదా, వెనక గీతకి అడుగున్నర దూరంలో నిలబడి, ఎంతసేపైనా బంతిని తిప్పికొడుతూ ఉండటం నేర్చుకుంది. గీత దాటి లోపలికి వచ్చి కొట్టడం మాత్రం దానికి పట్టుబడలేదు. తర్వాత విశాఖపట్నంలో శిక్షణ ఇచ్చిన కోచ్ గారు ఈ అలవాటు మాన్పించడానికి రెండేళ్లు గొంతు చించుకున్నారు. ఇది మా అత్తగారి ముగ్గు వల్ల వచ్చిందని ఆయనకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఇక ధనుర్మాసం వచ్చిందంటే కోర్టు మీద వరి కుప్పలు. మాది నూర్చడం అయిందనుకుంటే మా ఆయన చిన్నాన్న కొడుకు బండి తోలుకొచ్చేవాడు. "పిల్లకి టోర్నమెంటుందండీ" అంటే, "రెండ్రోజులే వదినా" అనేవాడు. ఆ రెండ్రోజులు మూడు వారాలు. ఆ మూడు వారాలూ పిల్ల బెల్లం వండే పాక గోడకి బంతి కొట్టుకునేది. నేను మా ఆయన్ని దులిపేసేదాన్ని. ఆయన తువ్వాలు దులుపుకుని పొలానికి వెళ్లిపోయేవారు.

అయినా పిల్ల గెలిచింది. పన్నెండేళ్లలోపు వాళ్లలో గెలిచింది, పద్నాలుగులోపు వాళ్లలో గెలిచింది. వారానికి మూడు సార్లు బడి వదలగానే సబ్బవరం మీదుగా బస్సెక్కి విశాఖపట్నం, తిరిగి వచ్చేసరికి దాని పుస్తకాలు బస్సు సీటు మీదే సగం పూర్తయ్యేవి. ప్రతి మ్యాచ్‌కీ నేను వెళ్లేదాన్ని. వెళ్లడమే కాదు, నోటుబుక్కు పట్టుకుని కూర్చునేదాన్ని. డబుల్ ఫాల్టులెన్ని, నెట్‌కి కొట్టినవెన్ని, తేలిగ్గా వదిలేసిన పాయింట్లెన్ని, అన్నీ గీతలు పెట్టి రాసేదాన్ని. ఆట అయి పిల్ల మంచినీళ్లు తాగుతుండగానే మొదలుపెట్టేదాన్ని. "రెండో సెట్లో ఏడు డబుల్ ఫాల్టులు. ఎందుకొచ్చాయి?" లెక్కల టీచర్ని కదా, జవాబు తప్పయితే ఏ మెట్టు దగ్గర తప్పిందో చూడాలి అనుకునేదాన్ని.

ఆ జూనియర్ టోర్నమెంట్ల లోకమే వేరు. అందరూ పిల్లలే కనుక పెద్దవాళ్లు వెంటపడి ఆడిస్తారు. ఒకసారి బస్సు ఆలస్యమై అరగంట తర్వాత చేరితే, రిఫరీ గారు "కంగారు పడకమ్మా, బూట్లు కట్టుకో" అన్నారు. మా ఆయన ప్రతి ఊరికీ మాడుగుల హల్వా పట్టుకెళ్లి రిఫరీలకి పంచేవారు. "ఇదేం పనండీ, చుట్టాలింటికొచ్చామా?" అని నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. వాళ్లు మాత్రం రెండో ఏడు కనబడగానే హల్వా తెచ్చారా అని అడిగేవారు.

ఇంటర్ అయ్యాక ఆ లోకం వదిలేసి ప్రొఫెషనల్ లోకంలోకి పోవాలి. అక్కడ ఎవరికీ ఎవరూ చుట్టాలు కారు. కంప్యూటర్లో ఎంట్రీ వేయాలి. ఫలానా గురువారం ఫలానా గంట దాటితే అయిపోయింది. ర్యాంకు ఉన్నవాళ్ల పేర్లు ముందు వస్తాయి. తర్వాత క్వాలిఫయింగ్ ఆడేవాళ్లవి. ఆ కిందెక్కడో మనలాంటివాళ్లవి, రైలు టికెట్టు వెయిటింగ్ లిస్టులాగా. పైవాళ్లు రాకపోతే కిందవాళ్లకి చోటు. కానీ క్వాలిఫయింగ్ ముందు రోజు సాయంత్రం నాలుగు నుంచి ఆరులోపు, పేరున్న ప్రతివాళ్లూ సూపర్‌వైజరు దగ్గర నేను వచ్చాను, ఆడతాను అని సంతకం పెట్టాలి. పెట్టకపోతే లిస్టులో పేరున్నా లేనట్టే.

కోచ్ గారు తేల్చి చెప్పేశారు. "ఏడాది చూడండి. ఈ ఏడాదిలో ఒక్క ప్రొఫెషనల్ మ్యాచ్‌లో దిగగలిగితే దారి ఉంటుంది. లేదంటే డిగ్రీలో చేర్చెయ్యండి, పిల్లని వేలాడదీయొద్దు." మా అమ్మాయి ఒప్పుకుంది. మార్చి నుంచి మార్చికి. గెలవక్కర్లేదు, దిగితే చాలు. ఆ ఏడాదంతా మా ఇంట్లో తిన్నా పడుకున్నా ఆ ఒక్క మ్యాచ్ మీదే.

అదృష్టమేమిటంటే ఏప్రిల్లోనే బెంగళూరు టోర్నమెంటు వెయిటింగ్ లిస్టులో రెండో నంబరు వచ్చింది. దరిద్రమేమిటంటే అదే వారం నాకు పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. సెలవడిగితే, "టెన్నిస్సా? పెళ్లయితే చూద్దుం" అన్నారు పై అధికారి. దాంతో పదేళ్లలో మొదటిసారి నేను లేకుండా పిల్లని ఆయనతో పంపాను. పెద్ద తెల్లకాగితం మీద పదమూడు పాయింట్లు రాసి ఇచ్చాను. మూడో పాయింటు సంతకం. దాని కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాను.

సాయంత్రం ఆరున్నరకి పేపర్ల కట్టలు అప్పగించేసి ఫోన్ చేశాను.

"సంతకం పెట్టేరా?"

"ఏ సంతకం?" అన్నారు మా ఆయన.

"కాగితమ్మీద రాసిచ్చేను కదండీ! ఆరులోపు సంతకం!"

"మన పేరు లిస్టులో ఉన్నాది కదే, రెండో నంబరు. వరసొస్తే ఆళ్లే పిలుస్తారని గేటు కాడ కూర్సున్నాం."

ఆ మాట అర్థం కావాలంటే చెరుకు రైతు ఎలా బతుకుతాడో తెలియాలి. చెరుకు నాటాక ఫ్యాక్టరీ పుస్తకంలో పేరు రాయించుకుంటారు. నాటిన తేదీల వరస ప్రకారం, నీ తోట ఫలానా రోజు నరుకు అని కటింగ్ ఆర్డర్ వస్తుంది. అది వచ్చేదాకా కత్తి పట్టడానికి లేదు. ముందే నరికితే చెరుకు ఎండిపోతుంది, కాటా దగ్గర తీసుకునేవాడుండడు. ముప్పై ఏళ్లుగా మా ఆయన చేసిందల్లా పేరు రాయించుకుని, అరుగు మీద కూర్చుని, పిలుపు కోసం చూడటమే. "మాటిమాటికీ ఎల్లి అడిగితే లోకువైపోతాం" అని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని మోసుకెళ్లి బెంగళూరులో టెన్నిస్ కోర్టు గేటు దగ్గర పరిచారు, హల్వా పొట్లం ఒళ్లో పెట్టుకుని.

ఆ రోజు పైనున్న వాళ్లలో నలుగురు రాలేదట. సంతకం పెట్టిన ఐదో నంబరు అమ్మాయికి కూడా చోటొచ్చింది. రెండో నంబరు మా అమ్మాయి మర్నాడు రైలెక్కింది.

నేను పది నెలలు తిట్టాను. ఊరికే చెప్పడం లేదు, నిజంగా పది నెలలు. చారులో ఉప్పు లేదేమే అని ఆయన అంటే, "వరసొస్తే అదే వస్తుందిలెండి" అనేదాన్ని. కరెంటు పోతే, గ్యాసు బండ రాకపోతే, వర్షం పడకపోతే అదే మాట. చుట్టాల ముందూ అన్నాను, కోచ్ గారి ముందూ అన్నాను. "దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు, మా ఇంట్లో పూజారి ఈయనే" అన్నాను. ఆయన అసలే మాటకు మాట చెప్పే మనిషి కాదు గానీ, ఆ విషయంలో మరీ బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయారు. తప్పు చేసినవాడికి మాటేముంటుంది అనుకున్నాను. పిల్ల మాత్రం నేను ఆ మాట ఎత్తినప్పుడల్లా కంచం తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయేది. నాన్నంటే ప్రేమ కదా, వినలేకపోతోంది అనుకున్నాను.

ఆ పది నెలల్లో తొమ్మిది ఎంట్రీలు వేశాను. ఎంట్రీలు ఎప్పుడూ నేనే వేసేదాన్ని. ఇరవయ్యో నంబరు, ముప్పై ఒకటో నంబరు, ఒకసారి అసలు పేరే లేదు. డిసెంబరుతో జూనియర్ వయసు కూడా దాటిపోయింది. ఇక వెనక్కి పోవడానికి లేదు, ముందుకి పోవడానికి రాదు. కళ్లం మీద మళ్లీ వరి కుప్పలు పడ్డాయి, మళ్లీ ఆ "రెండ్రోజులే వదినా" వచ్చాడు. ఆ ఏడు మాత్రం వాణ్ని బండితో సహా తిప్పి పంపేశాను.

ఫిబ్రవరిలో, గడువు ఇంకా నెలన్నర ఉందనగా, హైదరాబాదు టోర్నమెంటులో మూడో నంబరు వచ్చింది. ఈసారి ఎవరినీ నమ్మదల్చుకోలేదు. సెలవు ఇస్తే ఇవ్వండి, లేకపోతే మెమో ఇవ్వండి అని కాగితం హెడ్మాస్టరు బల్ల మీద పెట్టి ముగ్గురం బయల్దేరాం. మా ఆయన్ని సామాను మొయ్యడానికి తీసుకెళ్తున్నానని స్పష్టంగా చెప్పాను.

సంతకం నాలుగింటికైతే నేను రెండింటికే కోర్టుల గేటు దగ్గరున్నాను. సూపర్‌వైజరు గది ఎటు, అందులోకి దారి ఎటు, అన్నీ కనుక్కుని వచ్చాను. నాలుగు కాగానే పిల్ల చెయ్యి పట్టుకుని, "పద" అన్నాను. అది కదల్లేదు.

"అమ్మా, నువ్వు రాకు."

"ఏం, ఎందుకు రాకూడదు?"

"నువ్వొస్తే నా సంతకం కూడా నువ్వే పెట్టేసేలాగున్నావు."

"మీ నాన్నలాగ గేటు కాడ కూర్సోమంటావా?" అన్నాను. నోటికి అలవాటైపోయింది కదా, వచ్చేసింది.

పిల్ల మొహం ఎర్రబడింది. "నాన్ననింకేటీ అనకమ్మా. ఆరోజు నాన్న తప్పేం లేదు. నీ కాగితం నాన్న నాకు సదివి ఇనిపించేరు, మూడో పాయింటుతో సహా. నాలుగున్నరకి నానే ఎల్లి లైన్లో నిలబడ్డాను. నా ముందు ఇద్దరే ఉన్నారు. పక్క కోర్టులో ఒకామె ప్రాక్టీసు చేస్తంది. ఆవిడ కొట్టిన బంతి నాకు కనపళ్లేదమ్మా. అంత జోరు. సంతకం పెట్టకుండా వచ్చేసేను."

"ఓడిపోతే పోయేదే! మొదటి మ్యాచ్ ఎవరు గెలవమన్నారు నిన్ను?"

"ఓడిపోతే ఫోన్లో నీకు స్కోరు సెప్పాలి కదా" అంది.

గేటు పక్కన మా ఆయన బ్యాగులకి కాపలాగా నిలబడి ఉన్నారు. నేను ఆయన వైపు తిరిగాను. "మీకు తెలుసా?"

"తెలుసు."

"మరి వరస, పిలుపు అని నాకు చెప్పిందంతా?"

"ఏటి సెప్పమంటావు? నిజం సెప్తే దాన్ని తింటావు. నన్ను తిట్టడం నీకూ అలవాటే, పడ్డం నాకూ అలవాటే. నామీదేసుకుంటే తేలిపోద్దనుకున్నాను." కోపంగా కాదు, రేపు వాన పడొచ్చు అన్నంత మామూలుగా అన్నారు. తర్వాత బ్యాగులు సర్దుతూ, "పది నెల్లు లాగుతావనుకోలేదు" అన్నారు.

నాకు మొదట వచ్చింది కోపమే. ఇద్దరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారని ఒళ్లు మండిపోయింది. పది నెలల తిట్లు వెనక్కి తీసుకోవాలంటే ఎన్నని తీసుకుంటాను? ఆ తర్వాత కోపం పోయి సిగ్గేసింది. జవాబు తెలిసి కూడా చెయ్యెత్తని పిల్లలు నా క్లాసులో ఏటా ఇద్దరు ముగ్గురుంటారు. తప్పయితే టీచరు ఏమంటుందో అని బల్ల మీద చూపు దించేసుకుంటారు. వాళ్లని ఏ బెంచీలో ఉన్నా గుర్తుపడతానని నాకు గర్వం. నా ఇంట్లో, నా కంచం పక్కన కూర్చున్నదాన్ని పట్టుకోలేకపోయాను. పైగా దాని తప్పులన్నీ ఏళ్ల తరబడి గీతలు పెట్టి రాశాను.

"ఎల్లు" అన్నాను. "నాను రాను."

అది వెళ్లింది. నేను కాలిబాట అంచు మీద కూర్చున్నాను. అయిదయింది, రాలేదు. లైన్లో నిలబడి మళ్లీ వెనక్కి తిరిగిందేమో, వెనక గేటు నుంచి పోయిందేమో అని లేవబోయాను. మా ఆయన నా చేతిలో టీ గ్లాసు పెట్టారు. ఒలికిపోతుందని లేవలేకపోయాను. అయిదున్నరయింది. "ఒక్కసారి తొంగి చూసొస్తానండీ" అన్నాను. "టీ సల్లారిపోతంది" అన్నారు. ఆ మనిషితో ఇరవై రెండేళ్లు కాపురం చేశాను, అంత విసుగు ఎప్పుడూ రాలేదు. ఆరు కూడా దాటింది.

ఆరున్నరకి పిల్ల వచ్చింది. ముందు కుళాయి దగ్గరికి వెళ్లి నీళ్లు తాగింది. నేను పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను.

"పైనోళ్లు ముగ్గురు రాలేదు" అంది. "రేపు రెండో మ్యాచ్ నాదే. మూడో కోర్టు."

మర్నాడు మ్యాచ్‌కి నేను నోటుబుక్కు బయటికి తియ్యలేదు. కాబట్టి ఎన్ని డబుల్ ఫాల్టులు పడ్డాయో చెప్పలేను. స్కోరు మాత్రం చెప్పగలను, 6-1, 6-4, ఓడిపోయింది. మొదటి సెట్ పాతిక నిమిషాల్లో అయిపోయింది. రెండోదాంట్లో నాలుగు నాలుగు దాకా లాగింది. అవతలి అమ్మాయి ఒకసారి కోపంతో రాకెట్ విసిరేసింది. మా పిల్ల ఆడుతుంటే ఇంకొకరికి కోపం రావడం చూసి మా ఆయన పొంగిపోయి, పక్కనున్న పెద్దమనిషికి హల్వా పెట్టారు.

పిల్ల చెమటలు కక్కుకుంటూ బయటికి వచ్చింది. నా నోట్లో పది మాటలు సిద్ధంగా ఉన్నాయి, నాలుగు నాలుగు దగ్గర ఆ సర్వ్ ఏమిటని. మింగేశాను.

"భయమేసిందా?" అని అడిగాను. పదేళ్లలో ఆ ప్రశ్న ఒక్కసారి కూడా అడగలేదని, నోట్లోంచి వచ్చాకే తెలిసింది.

"ఏసింది. రెండో సెట్లో తగ్గింది" అంది తువ్వాల్లో మొహం పెట్టుకుని. తర్వాత అందులోంచే, "అమ్మా, వచ్చే నెల టోర్నమెంటుకి ఎంట్రీ నానే ఏసేసేను. పాస్‌వర్డ్ కూడా మార్చేసేను" అంది.

"ఎప్పుడు?"

"నిన్న సంతకం పెట్టేక."

ఆ అకౌంటు తెరిచింది నేను. నిబంధనలన్నీ ఇంగ్లీషులో ముక్కముక్క చదివి, రాత్రిళ్లు కళ్లు పోగొట్టుకున్నది నేను. తొమ్మిది ఎంట్రీలు వేసింది నేను. మళ్లీ ఒళ్లు మండింది. కొత్త పాస్‌వర్డ్ ఏమిటని నాలుక చివరిదాకా వచ్చింది. మా ఆయన బ్యాగులు ఎత్తుకోవడం ఆపి నా మొహమే చూస్తున్నారు. అడగలేదు. అదేమిటో ఇప్పటికీ నాకు తెలియదు.